గోడ కింది మన్ను

మృగశిర కార్తె వచ్చిన మూడో రోజు, శుక్రవారం, పొద్దున ఎనిమిది గంటలు. దేవరకొండ నుంచి నల్లగొండ పోయే బస్సు మా ఊరి మలుపులో హారన్ కొట్టింది. అది రోజూ ఎనిమిదికే కొట్టేది. మా ఊళ్లో గడియారం లేని ఇళ్లన్నిటికీ అదే గడియారం. ఆ మోత ఆగిందో లేదో, మా పెరటి గోడ పడింది. సంవత్సరం పందొమ్మిది వందల అరవై ఒకటి.

ఆ గోడ బరువు ఇన్నేళ్లూ నా మీదే ఉంది. ఇట్లా రాసి మళ్లీ చదువుకుంటే సిగ్గేస్తోంది. గోడ పడింది నా మీద కాదు, పక్కింటి సత్తెమ్మ మీద. బరువు మోసింది ఆమె కుడిచెయ్యి. నేను మోసింది ఒక మాట మాత్రమే, చెప్పాల్సి ఉండి చెప్పని మాట. మాటకు కూడా బరువుంటుందా? అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు ఉంటుంది. సత్తెమ్మ ఎడమచేత్తో కొంగు సర్దుకుంటుంటే చూసినప్పుడు ఉంటుంది.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. నేను అక్షరాలు నేర్చింది యాభై దాటాక, పెద్దవాళ్లకు పెట్టిన సాయంత్రం బడిలో. అక్కడ మొదట నేర్పింది ఎవరి పేరు వాళ్లు రాసుకోవడం. పలక మీద నా పేరు నేను రాసుకున్న రోజు, ఇక దేన్నైనా రాయగలననుకున్నాను. ఇవాళ ఈ కాగితం పైన పేరు రాయబోయి చెయ్యి ఆపుకున్నాను. పేరు లేకుండానే రాస్తున్నాను. నాది చదువుకున్నవాళ్ల రాత కాదు, చుట్టు తిప్పి చెప్పడం నాకు చేతకాదు. అయినా ఈ ఒక్క సంగతి చుట్టూ ఎన్నేళ్లు తిరిగానో చూడండి.

ఇప్పుడెందుకంటే, సత్తెమ్మ కొడుకు ఆ చోటనే మళ్లీ పెట్టిన మట్టిగోడ తీసేసి ఇటుక గోడ పెట్టిస్తున్నాడు. మొన్న వచ్చి, "చిన్నమ్మా, నీ చిక్కుడు పందిరి జర ఇటు జరుపుకో, వచ్చే సోమారం గోడ కూలగొడ్తరు" అని చెప్పిపోయాడు. అప్పటి నుంచి నాకు కాలు ఒక చోట నిలవడం లేదు. పొయ్యి మీద పాలు రెండుసార్లు పొంగి పోయాయి. కోడలు, "ఏమైంది అత్తమ్మా, గోడే కద" అంటోంది. గోడే. ఆ గోడలో ఏమున్నదో నాకొక్కదానికే తెలుసు. అదీ చెబుతాను. వరసగా చెప్పనివ్వండి.

పెళ్లై ఐదేళ్లైనా నాకు పిల్లలు లేరు. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు మా వాటాకు ఒక వెనక గది, దాని వెనక పెరడు వచ్చాయి. పెరడని పేరే కానీ అంతా మొరం. పార వేస్తే నిప్పురవ్వ లేచేది. పక్కన సత్తెమ్మవాళ్ల గొర్ల దొడ్డి. దొడ్డికీ మా పెరటికీ నడుమ వాళ్లు కొత్తగా పెట్టించుకున్న మట్టిగోడ. మనిషి నిలువెత్తు, మూరెడు మందం.

నాకు పెరడు కావాలనిపించింది. ఎందుకో అప్పుడు తెలియదు, ఇప్పుడు తెలుసు. స్నానం చేసే బండ ఒక మూలకు జరిపించాను. ఆ నీళ్లు వృథా పోకుండా చిన్న కాలువ తీశాను. కాలువ పొడుగునా బచ్చలి, తోటకూర మళ్లు, చివరన ఒక నిమ్మ మొక్క, గడప పక్కన మల్లె. ఎక్కడ ఏది పెట్టాలో కట్టెపుల్లతో నేల మీద గీసుకుని చూసుకునేదాన్ని. అది చూసి మా అత్త నవ్వింది. బావగారింట్లో ఉండేది ఆమె. రోజూ ఒకసారి వచ్చి ఏదో ఒకటి అని పోతే గాని తిన్నది అరిగేది కాదు.

"బండ మీద బచ్చలి పెంచుతవానే? ఇన్నేండ్ల సంది నీ చేతిల ఏం మొలిచిందని ఇప్పుడిది మొలుస్తది?"

నా తోటికోడలు కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. అది బచ్చలి గురించి కాదని మా ముగ్గురికీ తెలుసు.

ఆ చలికాలం నా మళ్లలో ఏదీ సరిగ్గా రాలేదు. బచ్చలి పసుపుపచ్చగా అయింది. తోటకూర జానెడు లేచి ఎండిపోయింది. ఒక్కటి మాత్రం లేచింది. గోడ మొదట్లో, ఎవరూ పెట్టకుండానే, ఒక ఆనపగింజ పడి మొలిచింది. నల్లగా నిగనిగలాడుతూ, వేలెడు మందం తీగతో పాకింది. దానికెక్కడిది బలం? వంగి చూస్తే గోడ అడుగున తెల్లగా ఉప్పు పూసినట్టుంది. అప్పుడు అర్థమైంది. ఆ గోడకు పాటి మన్ను వాడారు.

పాటి మన్నంటే మీకు తెలుసో లేదో. పాడుబడ్డ పాత ఇళ్ల జాగాలో మన్ను. మనుషులు, పశువులు, బూడిద, పేడ, వందేళ్ల సంసారం అందులో కలిసి ఉంటుంది. మా దిక్కున రైతులు ఎండాకాలం బండ్లు కట్టుకుని పోయి దాన్ని తవ్వి తెచ్చి చెలకల్లో పోసుకునేవాళ్లు. దాన్ని మించిన ఎరువు లేదు. గోడలు పెట్టే నర్సయ్య, ఊరి చివర కూలిన ఒక ఇంటి మన్ను తెచ్చి, తొక్కి, సత్తెమ్మవాళ్ల గోడ పెట్టాడు. నా పెరడంతా మొరం. నా ఎదుట నిలబడ్డదంతా ఎరువు.

మొదటి రోజు పిడికెడు తీశాను. అంతే. రాలిపోయిందే తీశాను, గోడను ముట్టలేదు. రెండో రోజు రాలలేదు, గీకాను. మా ఇంట్లో తోక విరిగిన ఇనుప గంటె ఉండేది. పట్టుకుంటే వేడి తగలకుండా సత్తెమ్మే తాను వడికిన నల్ల ఉన్నిదారం దాని తోకకు చుట్టి ఇచ్చింది. ఆ గంటెతోనే గీకాను. తీసిన మన్ను పేడనీళ్లలో కలిపి మొక్కల మొదళ్లలో పోసేదాన్ని. వారం తిరగకుండా బచ్చలి ఆకు చెయ్యంత అయింది.

ఒక చోట లోతుగా తీస్తే కనబడుతుందని పొడుగునా తీసుకుంటూ పోయాను. ఎంత తెలివి చూడండి. ఒక చోట బొక్క పడితే గోడ నిలిచేదేమో. నేను దాని కాళ్లన్నీ కోశాను. చలికాలం పోయి ఎండాకాలం సగమయ్యేసరికి మూరెడు మందం గోడలో సగానికి పైగా అడుగున లేదు. గంటె పట్టిన చెయ్యి మోచేతి దాకా లోపలికి పోయేది. పైకి కనబడకుండా ఆనపతీగను గోడ పొడుగునా అల్లించాను. తీగ కాసింది. ఒక్కో కాయ చంటిపిల్లంత. అవును, ఎత్తుకుని లోపలికి తెచ్చేటప్పుడు చంటిపిల్లను ఎత్తుకున్నట్టే ఎత్తుకునేదాన్ని. ఎవరూ చూడకుండా.

మా అత్త మారిపోయింది. పొరుగూరి చుట్టాలను వెంటబెట్టుకుని వచ్చి నా పెరడు చూపించేది. "మా చిన్నకోడలు చెయ్యి చూడుండ్రి. రాయి మీద పెట్టినా మొలుస్తది." ఆ మాట విన్న రోజు నేను గదిలోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను. మంచి ఏడుపే. ఐదేళ్లలో నా చెయ్యి మంచిదని అన్నవాళ్లు లేరు. ఆ మాట కోసం నేను గోడను తిన్నానా? తిన్నాను. ఆగి ఉండొచ్చా? ఉండొచ్చు. చాలినంత మన్ను ఎప్పుడో అయింది. కానీ ప్రతి కొత్త మొక్కకూ భయమేసేది, ఇది రాకపోతే మళ్లీ పాత మాటే వస్తుందని.

మృగశిర మొదట్లోనే రెండు రోజులు వరసగా వాన కొట్టింది. గురువారం మధ్యాహ్నం తీగ పక్కకు తీసి చూస్తే గోడ మీద నిలువునా పగులు. వేలు పట్టేంత. సత్తెమ్మకు చెప్పాలి. ఏమని చెప్పాలి? పగిలిందని చెబితే చూడటానికి ఇటు వస్తుంది. వస్తే తీగ ఎత్తుతుంది. ఎత్తితే చూస్తుంది. నేను ఆ తీగనే జరిపి పగులు మీద కప్పాను. వాన ఆగితే ఆరుతుంది, ఆరితే బిగుస్తుంది, తర్వాత నేనే మెల్లగా అడుగున మన్ను పెట్టి పూడుస్తాను అనుకున్నాను. ఆ రోజంతా అనుకుంటూనే ఉన్నాను.

మర్నాడు గోడ పడింది.

గోడ పడితే పెద్ద మోత వస్తుందనుకుంటారు. రాలేదు. నానిన మన్ను, బస్తా దించినట్టు దబ్బుమంది. ముందు గొర్రెపిల్లల అరుపు, తర్వాత సత్తెమ్మ అరుపు. రెండు పిల్లలు అక్కడికక్కడే పోయాయి. సత్తెమ్మ ఒళ్లంతా బయటే ఉంది, కుడిచెయ్యి మోచేతి కింద నుంచి మన్నులో. మా ఇంటాయన, నేను, మా అత్త చేతులతో తోడాం. చెయ్యి బయటికి వచ్చాక దాన్ని చూసి మా అత్త మొహం తిప్పుకుంది. సత్తెమ్మ మొగుడు కొమరయ్య మంద దగ్గరి నుంచి పరుగెత్తుకొచ్చాడు. ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి, ఎముకలు కట్టే ఆయన కోసం పక్క ఊరికి మనిషిని పంపారు.

ఆయన వచ్చేలోపే పంచాయితీ మొదలైంది. నా పెరట్లోనే. పటేలు వచ్చాడు. గోడ పెట్టిన నర్సయ్యను పిలిపించారు. అప్పటికే అరవై దాటినాయన. మా చుట్టూ నాలుగూళ్లలో ఆయన పెట్టని గోడ లేదు. వెనకే ఆయన భార్య బాలమ్మ వచ్చింది. నర్సయ్య ఎవరి మొహమూ చూడలేదు. పోయి గోడ దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

పటేలు అన్నాడు, "ఏం నర్సయ్యా, రెండేండ్లన్న నిలువని గోడ పెడితివి. కల్లు దిగినంక పెట్టినవా, దిగకముందే పెట్టినవా?"

నవ్వారు. అంత ఘోరం జరిగిన చోట కూడా నవ్వారు.

నర్సయ్య నవ్వలేదు. "పటేలా, జర ఇటు చూడు. పచ్చి మీద పచ్చి పెడితె గోడ నడుమ ఉబ్బుతది, ఉబ్బి విరుగుతది. ఇది విరగలె. కాళ్లు కోస్తె మనిషి కూలవడ్డట్టు కూలవడ్డది. మొదట్ల మన్ను లేదు."

"లేకపోతె ఎవరు తిన్నరు?" అన్నాడు పటేలు.

మా అత్త అందుకుంది. ఆమెకేమీ తెలియదు పాపం. "ఎలుకలు తింటయి. మా పెరట్ల పిల్లులంత ఎలుకలున్నయి."

పటేలు నా వైపు తిరిగాడు. "ఏమమ్మా, ఇటు దిక్కు ఉండేది నువ్వే. ఎలుకలేనా?"

అందరూ నన్ను చూశారు. అరుగు మీది నుంచి సత్తెమ్మ కూడా చూసింది. మొహం తెల్లగా పాలిపోయి, పళ్లు బిగబట్టి, నా మాట కోసం చూసింది.

"ఎలుకలే" అన్నాను.

నర్సయ్య కూర్చున్నచోటి నుంచే నా వైపు చూశాడు. "బిడ్డా, ఎలుక తోడితె మన్ను బయట కుప్ప పోస్తది. మింగదు. మరి గా మన్నేది?"

ఆ మన్ను మీదే నిలబడి ఉన్నారు అందరూ. పటేలు చెప్పులు బచ్చలి మడిలో ఉన్నాయి. బాలమ్మ పాదం నిమ్మ పాదులో దిగబడి ఉంది. మా మొరంలో ఎక్కడా లేని నల్లటి మెత్తటి మన్ను ఆమె వేళ్ల సందుల్లోంచి పైకి వచ్చింది. తల వంచితే చాలు, ఎవరికైనా కనబడేది. ఎవరూ వంచలేదు. అందరూ నన్నే చూస్తున్నారు.

"వానకు కొట్టుకపొయ్యింది తాతా."

"రెండు వానలకేనా?"

"రెండు వానలకే."

ఆయన చేతిలో ఉన్న గోడ మన్ను గడ్డను మెల్లగా కింద పెట్టాడు, పగిలిపోతుందేమో అన్నట్టు.

తీర్పు అయింది. తప్పు గోడ పెట్టినోడిదే, అదే మన్ను తొక్కి అతనే మళ్లీ గోడ పెట్టాలి అన్నారు. సత్తెమ్మ చేతికి వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టారు. కట్టు విప్పాక చెయ్యి వంకరగా అతికింది. వేళ్లు ముడుచుకోవు. వాళ్లింట్లో ఆడవాళ్లు గొర్ల ఉన్ని వడుకుతారు, ఆ దారంతోనే గొంగళ్లు నేస్తారు. సత్తెమ్మ దారం సన్నగా, ముడి లేకుండా వస్తుందని పక్క ఊళ్లవాళ్లు కూడా ఆమె వడికిన ఉన్నినే అడిగేవాళ్లు. ఆ తర్వాత ఆమె కదురు పట్టలేదు. కొన్నాళ్లు పట్టడానికి చూసింది. గోడ ఇవతల నుంచి ఆ కదురు కింద పడే చప్పుడు వినేదాన్ని. ఒకసారి. మళ్లీ ఒకసారి. తర్వాత ఒకరోజు ఆ చప్పుడు కూడా ఆగిపోయింది.

నర్సయ్య, బాలమ్మ నెల పైన నా కళ్ల ముందే ఆ గోడ పెట్టారు. ఒక వరస పెట్టడం, అది ఆరేదాకా ఆగడం, మళ్లీ వరస. ఆ ముసలాయన మోకాళ్ల దాకా మన్ను తొక్కుతుంటే నేను మజ్జిగ తెచ్చి ఇచ్చేదాన్ని. "సల్లగుండు బిడ్డా" అనేవాడు. ఆ మాట వినలేక చెంబు అక్కడే పెట్టి లోపలికి పోయేదాన్ని.

గంటె నా దగ్గరే ఉంది. ఎక్కడ దాచినా కనబడుతుందనిపించేది. మొదటి వరస పచ్చిగా ఉన్నప్పుడు, వాళ్లిద్దరూ అన్నం తినడానికి పోయిన సందులో, దాన్ని ఆ తడి మన్నులోకి తోక దాకా గుచ్చేశాను. పైన చేత్తో అలికాను. నర్సయ్య తిరిగి వచ్చి ఆ చోట ఆగాడు. అరచెయ్యి పెట్టి ఒకసారి నిమిరాడు. కనిపెట్టాడా? పచ్చి మన్ను మీద కొత్త చేతి జాడ ఆయనకు తెలియకుండా ఉంటుందా? దాని మీద రెండో వరస పెట్టాడు.

చివరికి వచ్చేసరికి మన్ను సరిపోలేదు. గోడ జానెడు తక్కువొచ్చింది. చెరువు నుంచి నాలుగు గంపలు తెచ్చి కలుపుకొమ్మని కొమరయ్య అన్నాడు. నర్సయ్య ఒప్పుకోలేదు. "పంచాయితీల ఏమన్నరు? ఇదే మన్నుతోని పెట్టుమన్నరు. పడ్డ గోడ మన్ను మళ్ల గోడకు సరిపోవాలె. సరిపోలేదంటె ఏడికో పొయ్యింది. నేనైతె తినలె." కొమరయ్య చిరాకుపడి ఊరుకున్నాడు. నర్సయ్య నా పెరటి వైపు చూడలేదు. చూస్తే బాగుండేది. గోడ పైన తాటాకు కప్పి, చేతులు కడుక్కుని, భార్యను తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత మా దిక్కున ఎవరూ ఆయనను గోడకు పిలవలేదు. సాగరు కట్ట పనికి పోయారని విన్నాను, అక్కడ రాయి మోస్తున్నారని. నలభై ఏళ్లు గోడలు పెట్టిన మనిషి తట్ట మోశాడు. రెండేళ్ల తర్వాత బాలమ్మ ఒక్కతే ఒకసారి వచ్చింది, బొట్టు లేకుండా. నా పెరట్లోకి రాలేదు, గడప బయటే నిలబడి, "ఆనపగింజలుంటె రెండియ్యి బిడ్డా, నీ గింజ మంచిదంటరు" అంది. గుప్పెడు ఇచ్చాను. ఆమెతో చెప్పి ఉండొచ్చు. మేమిద్దరమే ఉన్నాం. గింజలు కొంగున ముడేసుకునేదాకా ఆమె నా ముందే నిలబడి ఉంది. చెప్పలేదు.

ఆ గోడ ఇప్పటికీ జానెడు తక్కువే. పాత గోడ మీదుగా సత్తెమ్మ నాకు కనబడేది కాదు. తక్కువైన గోడ మీదుగా ఆమె తల, భుజం, ఆ చెయ్యి రోజూ కనబడతాయి. కూర వండితే గోడ మీదుగానే గిన్నె అందిస్తుంది, ఎడమచేత్తో. నాకు కొడుకు పుట్టినప్పుడు గోడ మీదుగానే మొదట ఎత్తుకుంది, ఆ వంకర చెయ్యి కింద దన్నుపెట్టి. ప్రతి ఏడూ వానలకు ముందు పిలుస్తుంది. "చెల్లె, జర వచ్చి గింజలు పెట్టిపో. నా చెయ్యెట్లా పనికిరాకపాయె. నీ చెయ్యి మంచిది." పోయి పెట్టి వస్తాను. మొలుస్తాయి. ఆమె సంతోషిస్తుంది. ఇప్పటికీ ఊళ్లో కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లు పెరడు ఎట్లా పెట్టుకోవాలో నన్నే అడుగుతారు. నీళ్లు ఏ మూల నుంచి పోవాలో, నిమ్మ ఎంత దూరంలో పెట్టాలో, మల్లెను ఎప్పుడు కత్తిరించాలో అన్నీ చెబుతాను. గోడ మొదట్లో మాత్రం ఏమీ పెట్టొద్దని చెబుతాను. ఎందుకని ఒక్కరూ అడగలేదు.

ఇంత రాసినా అసలుది ఇంకా రాయలేదు. గంటె సంగతి రాశాను, ఎలుకల సంగతి రాశాను. అవి రాయడం తేలికైంది. ఎందుకు తేలికైందో తెలుసా? వాటి వెనక ఇంకొకటి ఉంది కాబట్టి.

ఆ శుక్రవారం పొద్దున, బస్సు హారన్ కంటే ముందు, నేను గోడ దగ్గరే ఉన్నాను. చేతిలో గంటె ఉంది. పగులులో తడి మన్ను కూరుదామని పోయాను. అవతల సత్తెమ్మ గొర్రెపిల్లలకు ఆకు వేస్తూ వాటితో మాట్లాడుతోంది. "తినే, నీ అక్క చూడు ఎట్ల తింటున్నదో." ఆమె గొంతు గోడకు ఆనుకునే ఉంది. నా చేతి దగ్గర సరసరమని మన్ను రాలడం మొదలైంది. పగులు వేలెడు ఉన్నది రెండు వేళ్లైంది. ఆ సందులోంచి అవతలి వెలుతురు కనబడింది. పడుతుందని నాకు తెలిసింది. అనుమానం కాదు, తెలిసింది.

సత్తెక్కా జరుగు అంటే చాలు. రెండు మాటలు. నోరు తెరిచాను. అప్పుడు నా తలలోకి వచ్చింది ఆమె ప్రాణం కాదు. పడుతుందని నీకెట్లా తెలిసింది అని అడుగుతారు, అప్పుడు ఏం చెప్పాలి అన్నది వచ్చింది. జవాబు వెతుకుతున్నాను. హారన్ మోగింది. నేను వెనక్కి దుమికాను. నేను మాత్రమే.

నోరు తెరిచిన దానికీ గోడ పడ్డదానికీ మధ్య ఎంతసేపు? ఊపిరి పీల్చి వదిలేంత. అంతలో ఆమె లేచి ఉండేదా? చెయ్యి తీసుకుని ఉండేదా? ఎన్నోసార్లు ఆ ఊపిరి పీల్చి చూసుకున్నాను. ప్రతిసారీ సరిపోతుంది. ఒకసారి కూడా తక్కువ కాలేదు.

సత్తెమ్మ ఇంకా ఉంది. చెవులు కొంచెం తగ్గాయి, మాట తగ్గలేదు. ఆమెకు అక్షరం రాదు. ఈ కాగితం ఆమె చదవలేదని తెలిసే రాస్తున్నానా? అంతే కావచ్చు. గోడ అవతలి మనిషికి చెప్పలేనిది ముక్కూమొహం తెలియని మీకు చెప్పడం ఏం ధైర్యం? ధైర్యమని నేను అనడం లేదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. మీరు క్షమించినా అది ఎవరి చేతికీ పనికిరాదు.

రేపే సోమవారం. గోడ తీస్తారు. మొదటి వరసలో గంటె దొరుకుతుంది. ఎండిన మట్టిగోడలో ఇనుము పోదు. ఉన్నిదారం ఉంటుందో లేదో నాకు తెలియదు. పోగు మిగిలినా సత్తెమ్మ గుర్తుపడుతుంది. ఆమె వడికినది ఆమెకు తెలియకుండా పోదు. నేను అక్కడే నిలబడి ఉంటాను. "ఇది గోడ లోపటికెట్ల వచ్చింది చెల్లె" అని అడిగితే ఎలుకలు అనను. అంతవరకే నాకు తెలుసు. అనాల్సినది నోట్లోంచి వస్తుందో రాదో ఇప్పుడు చెప్పలేను. రాకపోతే ఈ కాగితం ఉంది, ఆమె కొడుకు చదివి వినిపిస్తాడు.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ల పేర్లు రాసి ఆపుతాను. ఒక్కరిని కూడా వదలను.

గోడ పెట్టిన నర్సయ్య. ఆయన భార్య బాలమ్మ. తీర్పు చెప్పిన పటేలు అనంతరెడ్డి. ఎముకలు కట్టిన లచ్చయ్య. సత్తెమ్మ మొగుడు కొమరయ్య. మా అత్త లింగమ్మ. నా తోటికోడలు యాదమ్మ. మా ఇంటాయన, పెంటయ్య. బతికుండగా ఆయన పేరు నోటితో అనలేదు, ఇదే మొదటిసారి. అరుగు మీద సత్తెమ్మ.

గోడకు ఇవతల, గంటె పట్టుకుని, చంద్రమ్మ. అది నా పేరు.